పొగపడవ పోయింది.. గీత మిగిలింది

గోదావరిలో స్టీమర్లు నడపాలని 1860లో కుదిరిన ఒప్పందం.. సిరొంచ నుంచి రాయచూరు దాకా మారిన తెలుగువారి చిరునామాలు

ఈ ఒడ్డున సిరొంచ. ఆ ఒడ్డున కాళేశ్వరం. మధ్యలో ప్రాణహితను కలుపుకొని పారే గోదావరి. రెండు ఒడ్లలోనూ వినిపించేది తెలుగే. పెళ్లి సంబంధాలు అటూ ఇటూ కలుస్తాయి. పుష్కరాలు వస్తే రెండు ఒడ్లలోనూ స్నానాలే. కానీ ఈ ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, ఆ ఒడ్డు తెలంగాణలోని జయశంకర్ భూపాలపల్లి జిల్లా. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మనిషి తహసీల్ ఆఫీసుకు వెళ్తే కాగితం మరాఠీలో రాయించుకోవాల్సిందే.

తెలుగు ఊరు మహారాష్ట్రలోకి ఎలా వెళ్లింది? ఈ ప్రశ్నకు చాలామంది 1956 నాటి రాష్ట్రాల పునర్విభజన దగ్గర జవాబు వెతుకుతారు. అసలు జవాబు అంతకు దాదాపు వందేళ్ల ముందే ఉంది. దాని వెనక ఉన్నది భాష కాదు, మతం కాదు, రాజుల యుద్ధం కూడా కాదు. ఒక పొగపడవ. ఆవిరితో నడిచే స్టీమరును సముద్రం నుంచి వార్ధా నది దాకా తీసుకెళ్లాలన్న ఇంగ్లీషువాళ్ల పథకం.

ఆ పథకం పదేళ్లు కూడా సరిగా సాగలేదు. దాని కోసం గీసిన గీత మాత్రం నూట అరవై ఏళ్లు దాటినా చెరగలేదు.

కాటన్ దొర నీటి దారులు

కథ మొదలయ్యేది ధవళేశ్వరంలో. ఆర్థర్ కాటన్ 1847లో అక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం.. ఇలా నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా సాగిన కట్ట అది. కరువుతో, వరదలతో కుదేలైన డెల్టాకు అన్నం పెట్టిన మనిషిగా కాటన్ పేరు గోదావరి జిల్లాల్లో నేటికీ ఇంటింటా వినిపిస్తుంది. అయితే ఆయన ఆలోచన పొలాలకు నీళ్లు పారించడంతో ఆగలేదు. కాలువ అంటే ఆయన దృష్టిలో నీళ్లు పారే దారి మాత్రమే కాదు, సరుకు నడిచే దారి కూడా.

అందుకే డెల్టా కాలువలను పడవలు తిరిగేంత వెడల్పుగా తవ్వించారు. నీటిమట్టం మారేచోట లాకులు కట్టారు. లాకు పనిచేసే తీరు తేలికే. కాలువలో రెండు తలుపుల మధ్య పడవను నిలుపుతారు. పైతలుపు సందుల్లోంచి నీళ్లు వదిలితే పడవ మెల్లగా పైకి లేస్తుంది. మట్టం సమానం కాగానే తలుపు తెరిస్తే ముందుకు సాగిపోతుంది. దిగేటప్పుడు ఇదే తిరగేసి చేస్తారు. ఇలా కాకినాడ నుంచి రాజమండ్రి, అక్కడి నుంచి ఏలూరు, బెజవాడ దాకా ధాన్యం పడవలు తిరిగాయి.

బండిమీద మోసే సరుకు కన్నా పడవలో మోసే సరుకుకు ఖర్చు చాలా తక్కువ. రైలు పట్టాల మీద పోసే డబ్బులో కొంత నదుల మీద, కాలువల మీద పెడితే దేశానికి మేలని కాటన్ చివరిదాకా వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే మాట చెప్పాడు. వినేవాళ్లు అప్పటికి తక్కువే.

ధవళేశ్వరం దగ్గర కాలువలు పారాక కాటన్ చూపు నది పైకి మళ్లింది. ఆనకట్టకు ఎగువన పాపికొండలు దాటితే భద్రాచలం. దాన్నీ దాటితే సిరొంచ. అక్కడ గోదావరిని వదిలి ప్రాణహితలోకి మళ్లి ఎగువకు పోతే వార్ధా, వైనగంగ కలిసే చోటు. వార్ధా వెంట ఇంకా పైకి పోతే పత్తి పండే నేలలు. సముద్రం ఒడ్డు నుంచి దేశం నడిబొడ్డు దాకా దేవుడిచ్చిన దారి ఉండగా పట్టాలు ఎందుకన్నది ఆయన లెక్క.

పత్తి మూటల కోసం

ఈ లెక్క ఇంగ్లాండులో చాలామందికి నచ్చడానికి కారణం పత్తి. నిజాం 1853లో బీరారును కుంఫిణీ చేతికి అప్పగించాడు. మరుసటి ఏడే డల్హౌసీ నాగపూర్ రాజ్యాన్ని కలిపేసుకున్నాడు. హింగన్‌ఘాట్ పత్తికి అప్పటికే మంచి పేరుంది. కానీ ఆ పత్తి రేవు చేరాలంటే ఎద్దుబండ్ల మీద వందల మైళ్లు పోవాలి. దారిలో దుమ్ము, వాన, ఆలస్యం. మూట మిల్లుకు చేరేసరికి దాని విలువలో ఎంత మిగిలేదో చెప్పక్కర్లేదు.

మాంచెస్టర్ మిల్లులు పత్తికి ఎక్కువగా అమెరికా మీదే ఆధారపడేవి. ఒక్క దేశాన్నే నమ్ముకుంటే ఎప్పటికైనా చిక్కేనని మిల్లు యజమానులకు భయం ఉండేది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఆ భయం నిజమైంది. నాలుగేళ్లు అక్కడి పత్తి ఆగిపోయింది. భారతదేశంలో పత్తి ధర ఆకాశాన్నంటింది. కాకినాడ రేవు పెద్ద పత్తి రేవుగా ఎదగడానికి కూడా ఆ రోజులే కారణం.

నదిని పరీక్షించే పని మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన ఫెలిక్స్ థాకరే హేగ్‌కు దక్కింది. గోదావరిలోనూ, దాని ఉపనదుల్లోనూ పడవలు ఎంతవరకు పోగలవో చూసి ఆయన 1856లో నివేదిక ఇచ్చాడు. తర్వాత పనుల బాధ్యత కూడా ఆయనే మోశాడు. నది మొత్తమ్మీద మంచి దారే. అయితే మూడుచోట్ల మాత్రం రాతి అడ్డంకులు ఉన్నాయని తేలింది.

మూడు అడ్డంకులు

మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర. రెండోది ఇంద్రావతి కలిసే చోటుకు కాస్త దిగువన ఇచ్చంపల్లి దగ్గర. మూడోది ప్రాణహితలో, దేవలమర్రి దగ్గర. ఈ మూడుచోట్లా నది అడుగున బండలు మైళ్ల తరబడి పరుచుకుని ఉంటాయి. ఎండాకాలంలో నీళ్లు ఆ బండల సందుల్లోంచి పాయలు పాయలుగా పారతాయి. వానాకాలంలో అదే చోట నీళ్లు సుడులు తిరుగుతూ ఉరుకుతాయి. పడవకు ఒకసారి లోతు చాలదు, ఇంకోసారి వేగం ఆగదు.

ఇంజనీర్లు వేసిన ఉపాయం డెల్టాలో నేర్చుకున్నదే. అడ్డంకి ఉన్నచోట నదికి ఆనకట్ట కట్టి నీళ్లు నిలపాలి. పక్కనే గట్టు మీద కాలువ తవ్వి, దానికి లాకులు పెట్టి, పడవను బండల పక్కగా దాటించాలి. కాలువ చివర మళ్లీ నదిలోకి దింపాలి. మూడుచోట్ల ఈ పని చేస్తే సముద్రం నుంచి వార్ధా దాకా దారి తెరుచుకున్నట్టే.

కాగితం మీద ఇది బాగానే ఉంది. కానీ ఒక చిక్కు. భద్రాచలం నుంచి పైకి నదికి రెండు ఒడ్లూ నిజాంవే. పని చేయాలన్నా, కట్టెలు కొట్టాలన్నా, కూలీలను దింపాలన్నా పరాయి రాజ్యంలో చేయాలి. సరుకు పడవ పోతుంటే దారిలో సుంకం వసూలు చేసే హక్కు కూడా ఆ రాజ్యానిదే. ఒక ఒడ్డయినా చేతిలో లేకుండా ఇంత డబ్బు నదిలో పోయడానికి ఇంగ్లీషువాళ్లు ఒప్పుకోలేదు.

ఆరు తాలూకాల బేరం

1857 తిరుగుబాటులో నిజాం అఫ్జలుద్దౌలా, ఆయన దివాను సాలార్‌జంగ్ ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచారు. ఆ సాయానికి బహుమానంగా, పాత లెక్కలు సరిచేసుకునే వంకతో 1860 డిసెంబరులో కొత్త ఒప్పందం కుదిరింది. అందులో ఇచ్చిపుచ్చుకున్న చిట్టా చూస్తే సరిహద్దుల్లో ఉన్న తెలుగువారికి ఎన్నో సంగతులు తెలుస్తాయి.

నిజాంకు వచ్చినవి.. 1853లో కుంఫిణీ తీసుకున్న రాయచూరు అంతర్వేది, ధారాశివ్ ప్రాంతం తిరిగి ఆయనకు దక్కాయి. 1858లో తిరుగుబాటు చేసి ప్రాణం, రాజ్యం రెండూ పోగొట్టుకున్న వెంకటప్ప నాయకుడి సురపురం సంస్థానం కూడా ఆయనకే వచ్చింది. సుమారు 50 లక్షల రూపాయల అప్పు రద్దయింది.

నిజాం ఇచ్చినవి.. గోదావరికి, ప్రాణహితకు ఎడమ ఒడ్డున ఉన్న ఆరు తాలూకాలు. రేకపల్లి, భద్రాచలం, చర్ల, ఆల్బాక, నూగూరు, సిరొంచ. దాంతోపాటు ఇంకో షరతు. రెండు రాజ్యాలకు హద్దుగా ఉన్నంత మేర గోదావరిలోనూ, దాని ఉపనదుల్లోనూ పడవల రాకపోకలకు అడ్డు ఉండకూడదు. ఎగువకు పోయే సరుకు మీద గానీ, దిగువకు వచ్చే సరుకు మీద గానీ ఎవరూ సుంకం వేయకూడదు.

ఈ షరతును బట్టే బేరంలో ఆ తాలూకాల విలువ ఏమిటో అర్థమవుతుంది. అడవులు, కోయల గూడేలు, చిన్న చిన్న పల్లెలు ఉన్న ఆ నేల నుంచి వచ్చే శిస్తు ఎంతో కాదు. విలువంతా ఒడ్డుదే. ఆ ఒడ్డు పక్కన నడవబోయే స్టీమరుదే.

ఒకే కాగితం మీద సిరొంచ ఇంగ్లీషు పాలనలోకి వెళ్లింది, రాయచూరు, సురపురం నిజాం పాలనలోకి వచ్చాయి. ఆ తర్వాత 1956లో రాయచూరు, సురపురం ప్రాంతాలు హైదరాబాద్ రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. నేడు కర్ణాటకలో ఉన్న రాయచూరు తెలుగువారికీ, మహారాష్ట్రలో ఉన్న సిరొంచ తెలుగువారికీ చుట్టరికం లేకపోవచ్చు. వాళ్ల ఊళ్ల చరిత్రలు మాత్రం ఒకే ఒప్పందంలో పక్కపక్కన ఉన్నాయి.

సిరొంచ జిల్లా కేంద్రమైన రోజులు

కొత్తగా వచ్చిన తాలూకాలతో ఇంగ్లీషువాళ్లు ఎగువ గోదావరి జిల్లా ఏర్పాటు చేశారు. దానికి ముఖ్యపట్టణం సిరొంచ. 1861లో సెంట్రల్ ప్రావిన్సెస్ ఏర్పడ్డాక ఈ జిల్లా నాగపూర్ పాలన కిందికి వెళ్లింది. నేడు జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి పోవాలంటే గంటల తరబడి ప్రయాణం చేసే సిరొంచవాసులకు, ఒకప్పుడు జిల్లా కచేరీ తమ ఊళ్లోనే ఉండేదంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

నాగపూర్‌లో అప్పటి చీఫ్ కమిషనర్ సర్ రిచర్డ్ టెంపుల్. ఆయనకు గోదావరి పథకం మీద గట్టి నమ్మకం. నాలుగు వైపులా నేలే ఉన్న తన ప్రావిన్సుకు సముద్రం దారి దొరుకుతుందన్నది ఆయన ఆశ. నాగపూర్ నుంచి చూస్తే బొంబాయి ఎంత దూరమో, గోదావరి వెంట కాకినాడ కూడా అంతే అందుబాటులో ఉండాలని ఆయన కోరిక.

స్టీమరు ఎలాంటిది?

గోదావరి లాంటి నదికి సముద్రపు ఓడ పనికిరాదు. దానికి అడుగు బల్లపరుపుగా, వెడల్పుగా ఉండాలి. రెండు మూడు అడుగుల నీళ్లు ఉన్నా తేలగలగాలి. పక్కన గానీ, వెనక గానీ పెద్ద చక్రాలు.. వాటికి తెడ్ల లాంటి పలకలు. బాయిలరులో నీళ్లు మరిగి ఆవిరి పుడితే ఇంజను కదులుతుంది, చక్రం తిరుగుతుంది, పలకలు నీళ్లను వెనక్కి తోస్తాయి. గొట్టంలోంచి పొగ లేస్తుంది. అందుకే దానికి పొగపడవ అని పేరు.

సరుకంతా స్టీమరులోనే ఎక్కించాల్సిన పని లేదు. దాని వెనక బల్లకట్టు పడవలను తాళ్లతో కట్టి లాగించవచ్చు. దిగువకు వచ్చేటప్పుడు నది వేగమే తోడు. ఎగువకు పోయేటప్పుడే అసలు పరీక్ష. తెడ్డు వేసి, గెడ పోటు వేసి, ఒడ్డు మీద నుంచి తాళ్లతో లాగి నాటు పడవను ఎగువకు తీసుకెళ్లే సరంగులకు, కళాసీలకు ఆ కష్టం ఎంతో తెలుసు. ఆవిరి ఇంజను ఆ కష్టాన్ని తీరుస్తుందన్నదే ఆశ.

కానీ ఇంజనుకు ఆకలి ఎక్కువ. దానికి కట్టెలు కావాలి. నది పొడవునా రేవుల్లో కట్టెలు కొట్టి పేర్చి ఉంచాలి. అడవికి కొదవ లేకపోయినా కొట్టే మనుషులకు కొదవే. ఇంకో చిక్కు నది స్వభావం. గోదావరి వానల మీద బతికే నది. జులై నుంచి అక్టోబరు దాకా నిండుగా పారుతుంది. తర్వాత తగ్గుతూ పోతుంది. వేసవి వచ్చేసరికి ఇసుక తిన్నెలు బయటపడతాయి. పత్తి తీతలు ముగిసి మూటలు సిద్ధమయ్యేది నీళ్లు తగ్గే రోజుల్లోనే. నది నిండుగా ఉన్నప్పుడు సరుకు లేదు, సరుకు ఉన్నప్పుడు నది నిండుగా లేదు.

పాపికొండల దగ్గర ఇంకో ప్రమాదం. మైలు వెడల్పున పారే నది అక్కడ కొండల మధ్య ఇరుకున పడుతుంది. వరద రోజుల్లో నీళ్లు మీటర్ల కొద్దీ పైకి లేచి సుడులు తిరుగుతాయి. ఆ సుడుల బలం ఎంతో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠ బోటు ప్రమాదం మరోసారి గుర్తుచేసింది. నేటి ఇంజన్లకే ఆ చోటు అలా ఉంటే, నూట అరవై ఏళ్ల నాటి కట్టెల ఇంజన్ల సంగతి ఊహించుకోవచ్చు.

దుమ్ముగూడెం లాకులు

పని ముందుగా సాగింది దుమ్ముగూడెంలో. అక్కడ నదికి ఆనకట్ట కట్టారు. పక్కన కాలువ తవ్వారు. లాకులకు రాతిగోడలు లేపారు. దిగువ నుంచి మనుషులను, ఇనుప సామాను, తిండిగింజలను నది మీదే చేరవేశారు. ఎగువన ఇచ్చంపల్లి దగ్గర కూడా పనులు మొదలయ్యాయి.

పనికి అసలు శత్రువు బండరాయి కాదు, జ్వరం. అడవి మలేరియా దెబ్బకు కూలీలు, మేస్త్రీలు, ఇంజనీర్లు అందరూ మంచం పట్టేవారు. వచ్చిన కూలీలు నిలిచేవారు కాదు. దిగువ గోదావరి నుంచి తెచ్చినవాళ్లకు ఆ నేల, ఆ నీళ్లు పడేవి కావు. ఏడాదిలో పని చేయగలిగే నెలలు కొన్నే. వరద వస్తే కట్టింది కొట్టుకుపోకుండా కాపాడుకోవడమే ఒక పని.

ఆ క్యాంపు వల్ల దుమ్ముగూడెంలో ఇంకో మార్పు కూడా వచ్చింది. హేగ్ చొరవతో 1860ల మొదట్లో అక్కడ కోయల కోసం చర్చి మిషనరీ సొసైటీ మిషన్ మొదలైంది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయల ఆచారాలు, భాష గురించి రాసిన వ్యాసాలను పరిశోధకులు నేటికీ ఉదహరిస్తుంటారు. స్టీమరు కోసం వచ్చిన ఇంజనీర్లు వెళ్లిపోయారు గానీ మిషన్ ఉండిపోయింది.

రైలు కూత.. స్టీమరు మూత

ఇక్కడ బండరాళ్లతో కుస్తీ సాగుతుండగా అటు బొంబాయి వైపు నుంచి ఇనుప పట్టాలు ముందుకు వస్తూనే ఉన్నాయి. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1867లో నాగపూర్ చేరింది. ఎండ, వాన, వరద, ఎద్దడి.. దేనితోనూ సంబంధం లేకుండా ఏడాది పొడవునా పత్తి మూటలు బొంబాయికి పోసాగాయి. 1870ల్లో పట్టాలు వార్ధా నుంచి హింగన్‌ఘాట్ మీదుగా వరోరా దాకా పడ్డాయి. ఏ పత్తిని స్టీమరు ఎక్కించాలనుకున్నారో ఆ పత్తి రైలెక్కింది.

అంతకుముందే 1865లో అమెరికా యుద్ధం ముగిసింది. అక్కడి పత్తి మళ్లీ మాంచెస్టర్‌కు రావడం మొదలైంది. ఇక్కడి పత్తి ధర పడిపోయింది. నది మీద పెట్టిన డబ్బుకు వడ్డీ కూడా రాదని లెక్క తేలింది. 1871లో ఎగువ గోదావరి పనులు ఆపేశారు. సముద్రం నుంచి వార్ధా దాకా పత్తి స్టీమర్ల దారి అక్కడితో మూతపడింది.

దిగువన మాత్రం స్టీమర్లు, ఆ తర్వాత లాంచీలు తిరుగుతూనే ఉన్నాయి. 1879లో రంప పితూరీ లేచినప్పుడు పోలీసులను, సిపాయిలను కొండల దగ్గరికి చేర్చడానికి స్టీమర్లను వాడారు. పత్తి మోయాలనుకున్న పడవ చివరికి తుపాకులు మోసింది. రాజమండ్రి, భద్రాచలం మధ్య లాంచీ ప్రయాణం ఇరవయ్యో శతాబ్దంలోనూ ఎన్నో తరాలకు తెలిసిందే. సిరొంచ, అహేరి అడవుల టేకు దుంగలు మాత్రం ఏ ఇంజనూ లేకుండా తెప్పలుగా నది వెంట దిగువకు వచ్చేవి.

గీత కదిలింది కొంచెమే

పడవ పోయింది కాబట్టి ఒడ్డును తిరిగి ఇచ్చేయలేదు. 1874లో ఎగువ గోదావరి జిల్లాను రద్దు చేసి భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. మిగిలిన భాగం చాందా జిల్లాలోకి వెళ్లింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నూగూరు, ఆల్బాక, చర్ల కూడా మద్రాసుకు వచ్చాయి. ఆరింటిలో ఐదు తాలూకాలు ఇలా తెలుగు జిల్లాలో చేరాయి. సిరొంచ ఒక్కటే ఆగిపోయింది.

స్వాతంత్య్రం వచ్చాక సిరొంచ మధ్యప్రదేశ్‌లో ఉంది. 1956లో చాందా జిల్లాతో పాటు బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. 1982లో చంద్రపూర్ జిల్లాను విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు. నూరేళ్లలో ఊరు ఎక్కడికీ కదల్లేదు, బోర్డు మీద పేర్లు మాత్రం మారుతూ పోయాయి.

భద్రాచలం కథ కూడా ఆ గీత నుంచి విడదీయలేనిదే. గోల్కొండ తానీషా కాలంలో కంచర్ల గోపన్న కట్టించిన రామాలయం 1860 తర్వాత ఇంగ్లీషు పాలనలోకి, తర్వాత మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఎదురుగా ఉన్న బూర్గంపాడు మాత్రం నిజాం రాజ్యంలోనే ఉంది. 1959లో భద్రాచలాన్ని తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మార్చారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం ఎవరిదన్న వాదన లేచింది. పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాలు, భద్రాచలం మండలంలోని పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. రెండు వైపులవారూ చరిత్రను సాక్ష్యానికి పిలిచారు. ఆ చరిత్రకు మొదటి పేజీ స్టీమరు ఒప్పందమే.

యానాం నుంచి మరక్కాణం దాకా

ఎగువన దారి మూసుకుపోయినా దిగువన కాటన్ నాటి నీటి దారులు చాలాకాలం బతికాయి. గౌతమి ఒడ్డున ఫ్రెంచి జెండా కింద ఉన్న యానాం పక్కనే కోరంగి రేవు. 1839 తుఫాను కోరంగిని దెబ్బతీశాక కాకినాడ పుంజుకుంది. కాకినాడ నుంచి డెల్టా కాలువలు, ఏలూరు కాలువ, కృష్ణ, కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం చేరితే అక్కడ బకింగ్‌హాం కాలువ అందుకుంటుంది. అది మద్రాసు దాటి తమిళనాడులోని మరక్కాణం దాకా పోతుంది. ఒక్క బకింగ్‌హాం కాలువే దాదాపు 420 కిలోమీటర్లు. 1877-78 కరువు రోజుల్లో కూలీలకు పని చూపించడానికి దాన్ని పొడిగించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టారు.

ఈ దారిలో ధాన్యం, ఉప్పు, కట్టెలు, మనుషులు ప్రయాణించారు. రైళ్లు, లారీలు వచ్చి, తుఫాన్లు గట్లు తెంచాక కాలువలు వెలవెలబోయాయి. 2008లో కేంద్రం కాకినాడ-పుదుచ్చేరి కాలువలతో పాటు గోదావరిలో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్లను, కృష్ణలో వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా 157 కిలోమీటర్లను కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. 2016 చట్టంతో ఆ జలమార్గం గోదావరి వెంట నాసిక్ దాకా, కృష్ణ వెంట కర్ణాటకలోని గలగలి దాకా కాగితం మీద పొడుగైంది. కాటన్ లెక్క మళ్లీ ఫైలుకెక్కిందన్న మాట.

మళ్లీ అదే ఒడ్డు.. మరో ఒప్పందం

సిరొంచ రైతుకు మాత్రం నది ఇంకో రూపంలో తిరిగొచ్చింది. 2016 ఆగస్టులో ముంబైలో తెలంగాణ, మహారాష్ట్ర ప్రభుత్వాలు గోదావరి, ప్రాణహిత బ్యారేజీల మీద ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా మేడిగడ్డ బ్యారేజీ కట్టారు. 85 గేట్ల ఆ బ్యారేజీకి కుడి ఒడ్డు తెలంగాణ, ఎడమ ఒడ్డు సిరొంచ తాలూకా. 2019 జూన్ 21న ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకు పియర్లు కుంగాయి.

నీళ్లు నిలిచినప్పుడు ఎడమ ఒడ్డున తమ పొలాలు మునిగాయని, తగిన పరిహారం కావాలని సిరొంచ రైతులు ఆందోళనలు చేశారు. ప్రాజెక్టు తెలంగాణది, పొలం మహారాష్ట్రలో, రైతు మాట్లాడేది తెలుగు. అర్జీ ఎక్కడ ఇవ్వాలన్న చిక్కు ఈనాటిది కాదు. రాజధానుల్లో కూర్చున్న రెండు ప్రభుత్వాలు నది గురించి సంతకాలు చేస్తే, ఆ బరువు ఒడ్డున ఉన్నవాడి మీద పడటం 1860లోనూ జరిగింది. అప్పుడు స్టీమరు కోసం, ఇప్పుడు ఎత్తిపోతల కోసం. ఆరు తాలూకాల జనాన్ని ఆనాడు అడిగినవారు లేరు. ఓటున్న ఈ రోజుల్లోనైనా అడిగి తీరాలన్నది ఎడమ ఒడ్డు రైతుల వాదన.

దుమ్ముగూడెంలో పాత ఆనకట్ట నేటికీ నదికి అడ్డంగా ఉంది. పర్ణశాలకు వచ్చే యాత్రికులు ఆ దారినే పోతుంటారు. దాని దిగువన సీతమ్మ సాగర్ బ్యారేజీ పనులు చేపట్టారు. హేగ్ దొర నీళ్లు నిలిపింది పడవ తేలడానికని ఆ దారిన పోయేవాళ్లలో ఎందరికి తెలుసు? ఆ ఆనకట్ట, కాలువ, లాకులు కేవలం పాతరాళ్లు కావు. భద్రాచలం, చర్ల, నూగూరు, సిరొంచ ఊళ్ల చిరునామా ఎలా మారిందో చెప్పే సాక్ష్యాలు. వాటికి ఒక బోర్డు, రెండు ముక్కల చరిత్ర రాసి పెట్టడం పెద్ద ఖర్చు కాదు. ఆ బోర్డు తెలుగుతో పాటు మరాఠీలో కూడా ఉంటే సిరొంచ బడిపిల్లలు కూడా చదువుకుంటారు.

నేడు సిరొంచ నుంచి ఆవలి ఒడ్డుకు పోవడానికి పడవ కోసం ఎదురుచూడనక్కర్లేదు. ప్రాణహిత మీదా, గోదావరి మీదా వంతెనలు వచ్చాయి. బైకు మీద కాళేశ్వరం వెళ్లి ముక్తేశ్వరుడి దర్శనం చేసుకుని అదే పూట ఇంటికి రావచ్చు. రోడ్డు కలిసింది. రేషను కార్డు, రిజిస్ట్రేషను, పిల్లల చదువు, పంట పరిహారం మాత్రం వంతెన మధ్యలో ఉన్న సరిహద్దు దగ్గర ఇంకా ఆగుతూనే ఉన్నాయి.